టీవీ మింగిన వరుస

గద్వాలలో పెళ్లి వీడియోలు తీసి మిక్సింగ్ చేసే దేవరాజుకు తెర అడుగున ఖాళీ కనిపిస్తే ప్రాణం నిలవదు. అక్కడ ఒక వరుస అక్షరాలు పడాల్సిందే. భాష రానివాళ్ల కోసం పరాయి దేశాల సినిమాలకు కింద అక్షరాలు వేస్తారు. దేవరాజు తెలుగువాళ్ల పెళ్లికి తెలుగులోనే వేస్తాడు. తాళి కడుతుంటే ‘తాళి కడుతున్నారు’. కరెంటు పోయి తెర నల్లబడితే ‘కరెంటు పోయింది, పెళ్లి నడుస్తోంది’. పందిట్లోకి మేక జొరబడితే ‘ఈమెను ఎవరూ పిలవలేదు’.

ఎవరు ఏడ్చినా మాత్రం ఒకటే మాట: ‘పొగ పట్టింది’. అయిజ కిష్టయ్య బిడ్డను అత్తారింటికి పంపుతూ కండువాలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కింద అదే వరుస పడింది.

“పొగేంది దేవరాజూ? వంటలు అటు దూరంగ చేయిస్తిమి గద!”

“గాలి గిటు తిరిగిందేమో, పెద్దనాయనా.”

వేయడం ఒక ఎత్తు, ఆ అక్షరాలను టీవీలో చూపించడం ఇంకో ఎత్తు. అక్షరాల ఫైలు వేరు, వీడియో ఫైలు వేరు. సీడీ ప్లేయర్‌కు ఆ రెండింటినీ కలిపే తెలివి లేదు. అందుకని దేవరాజు కంప్యూటర్ డబ్బానే గోనెసంచిలో కట్టి సైకిల్ మీద ఇంటింటికీ మోసుకెళ్లి, వైరుతో టీవీకి కలిపేవాడు. అప్పుడైనా వస్తాయా అంటే, పాత డబ్బా టీవీలు బొమ్మ అంచులను నాలుగు వైపులా కొంచెం కొరుక్కు తింటాయి. కింది వరుస వాటి నోట్లోకే పోయేది.

“అక్షరాలేవీ, దేవరాజన్నా?”

“టీవీ మింగింది. కక్కిస్త ఆగుండ్రి.”

ఇక కక్కించేదాకా కూర్చోడు. వైరు పీకుతాడు, ఊదుతాడు, మళ్లీ గుచ్చుతాడు. పెళ్లి చూద్దామని కూర్చున్నవాళ్లు దేవరాజు వీపు చూసి లేచిపోయేవాళ్లు.

ఇలాంటి మనిషికి 2006 ఎండాకాలంలో నిరంజన్ తన చెల్లెలు సుమన పెళ్లి వీడియో అప్పగించాడు. పెళ్లికొడుకు వీరేశ్ కర్ణాటకలోని సింధనూరు దిక్కువాడు. అతనికి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు. అతని తల్లి బసమ్మకు మాత్రం కన్నడం తప్ప ఒక్క ముక్క తెల్వదు. పెళ్లిలో మజ్జిగ పులిసిందని అలిగి బండెక్కి కూర్చున్న మనిషి. ఇప్పుడు కోడల్ని తీసుకుపోవడానికి వస్తోంది. వచ్చీ రాగానే వీడియో చూస్తానని కబురు పెట్టింది.

నిరంజన్‌కు పరేషాన్ పట్టుకుంది. వీడియోలో అతని చిన్నమ్మ నర్సమ్మ వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడిన పాట ఉంది. ఆరోజు బ్యాండు మోతలో ఎవరికీ వినపడలేదు గానీ, దేవరాజు మైకు దాన్ని శుభ్రంగా పట్టింది.

*వియ్యపురాలు కాల్చిన రొట్టె*
*విసిరితె కుక్క కుంటుకుంట పాయె!*

పాడటమే కాదు, నర్సమ్మ ఒక కాలు ఎత్తి కుంటి చూపించింది కూడా.

నిరంజన్ దేవరాజు దుకాణానికి పరుగెత్తాడు. “అన్నా, ఆ పాట జర కోసెయ్యి.”

“నర్సమ్మక్క గొంతు పోయేదాంక పాడింది. ఆమె కష్టాన్ని కోస్తనా?”

“పోనీ, కింద అక్షరాలన్న ఎయ్యకు.”

“ఎప్పుడో ఏస్తి. కన్నడంల.”

“కన్నడంలనా! నీకెట్ల వచ్చు?”

“రాయచూరు బస్సుల బోర్డులు చదివీ చదివీ వచ్చింది. చుట్టాలకు తెల్వాలె గద?”

“ఏం రాసినవన్నా?”

“రాసింది నోటితోని చెప్పుడేంది? టీవీల చూడు.”

బసమ్మ రానే వచ్చింది. చాప మీద ఆమె, పక్కన వీరేశ్, గోడవారగా నర్సమ్మా మిగతా ఆడవాళ్లూ. గడప దగ్గర సుమన పెట్టె సర్ది ఉంది. ఆమె పెట్టె వంకా అత్త వంకా మార్చిమార్చి చూస్తోంది. బసమ్మ అలిగితే పెట్టె లోపలికి పోతుంది, అత్త కోడలు లేకుండానే సింధనూరు పోతుంది.

దేవరాజు వైరు గుచ్చాడు. బొమ్మ వచ్చింది. కింద అక్షరాల్లేవు. నిరంజన్ ఆ టీవీకి లోలోపల దండం పెట్టుకున్నాడు.

దేవరాజు ఊరుకుంటాడా? “మింగింది” అంటూ లేచాడు.

“ఉండనియ్యి అన్నా, చాయ్ తాగు.”

“చాయ్ ఏడికి పోతది?” టీవీ వెనక్కి దూరి ఏదో మర తిప్పాడు. తెర మీద వీరేశ్ అణిగిపోయి గుమ్మడికాయంత అయ్యాడు. బసమ్మ కనుబొమలు ముడిచింది. దేవరాజు మర వెనక్కి తిప్పాడు.

అంతలో పాట రానే వచ్చింది. నర్సమ్మ కుంటుతోంది. గోడవారగా కూర్చున్న ఆడవాళ్లు ఆపుకోలేక కిసుక్కుమన్నారు.

“ఏనంతాళె?” అని బసమ్మ కొడుకును గుచ్చి అడిగింది, ఏమంటోందని. వీరేశ్ గొంతు సవరించుకుని పైకప్పు చూశాడు. ఆమె ముఖం మజ్జిగనాటి రంగుకు తిరిగింది.

దేవరాజు బొమ్మ ఆపి మీటలు టకటకలాడించాడు. నిరంజన్ ఊరికే అటు నడిచినట్టు వచ్చి వైరు మీద నిలబడ్డాడు.

“కాలు తియ్యి తమ్మీ.”

“ఏ కాలు?”

“రెండూ తియ్యి!”

వరుస పైకి వచ్చింది. మరీ పైకి వచ్చి నర్సమ్మ నొసటి మీద బాసికంలా కూర్చుంది. దేవరాజు దాన్ని నడుం దాకా దించి, పాట మళ్లీ మొదటినుంచి వేశాడు. నిరంజన్ కళ్లు మూసుకున్నాడు.

బసమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది. ఆగింది. తెర మీద కుంటుతున్న నర్సమ్మను చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది.

నిరంజన్ వీరేశ్ చెవి దగ్గరికి వంగాడు. “బావా, ఏం రాసిండు?”

వీరేశ్ పెదవి కొరుక్కుంటూ గుసగుసలాడాడు. “మా అమ్మ కాల్చిన రొట్టె వాసనకు, నడవలేని కుక్క గూడ కుంటుకుంట పరుగెత్తుకొచ్చిందట.”

కుక్క అదే. కుంటు అదే. పోయే కుక్కను దేవరాజు ఇటు తిప్పాడంతే.

బసమ్మ నర్సమ్మ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఈసారి సింధనూరు వస్తే ఆ రొట్టెలే పెడతానంది. వీరేశ్ తెలుగులో చెప్పగానే నర్సమ్మ తన పళ్లు ఒకసారి నాలుకతో తడుముకుని, వస్తానని తలూపింది.

సుమన పెట్టె గడప దాటి బండెక్కింది. లోపల వీడియో ఇంకా నడుస్తోంది. చివర్లో అప్పగింతలు. పెళ్లిలో కొండలా నిలబడ్డానని ఊరంతా చెప్పుకు తిరిగిన నిరంజన్, తెర మీద స్తంభం పట్టుకుని ముక్కు చీదుతున్నాడు. కింద ‘పొగ పట్టింది’ అని, ఒక వరుస తెలుగులో, ఒక వరుస కన్నడంలో.

వెళ్లబోతున్న సుమన గుమ్మంలోనే ఆగి చూసింది. “దేవరాజన్నా, మా అన్న నిలబడ్డకాడ పొయ్యి యాడుందే?”

దేవరాజు గోనెసంచి దులుపుకుంటూ తల ఎత్తలేదు.

“టీవీ మింగింది, చెల్లే.”