రేకులు మళ్లీ పెట్టించిన మనిషి

ల్యాబులో ఆమెను అందరూ మొండిఘటం అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. స్ఫటికాలు పెంచడం ఆమె పని. వారాల తరబడి కొలిమిలో కాచి, నెమ్మదిగా చల్లార్చి, చివరికి గోరంత నల్ల స్ఫటికం తీస్తుంది. ఇందులో ఒక్కో అణువూ ఓ బుల్లి అయస్కాంతమని, బాగా చల్లబరిస్తే అవన్నీ బుద్ధిగా వరుస కడతాయని ఢంకా బజాయించి చెప్పింది. కడితే గనక, ఎక్స్-రే కిరణం స్ఫటికం మీద పడి చెదిరినప్పుడు తెర మీది గీతలో ఫలానా చోట ఓ శిఖరం లేవాలి.

పొద్దుట్నుంచి లేవలేదు. సాయంత్రంతో ఈ ఎక్స్-రే కేంద్రంలో వాళ్లకిచ్చిన గడువు సరి. కనబడకపోతే ఈ స్ఫటికం సంగతి ఇక మర్చిపోదామని ల్యాబు పెద్దసారు ముందే తేల్చేశాడు.

"రేకులన్నీ తీసేశాం మేడమ్. ఇంతకన్నా వెలుగు నా దగ్గర లేదు," అన్నాడు కిరణం చూసుకునే ఇంజనీరు.

కిరణం జోరు తగ్గించడానికి పల్చటి అల్యూమినియం రేకులు అడ్డం పెడతారు. శిఖరం కనబడనప్పుడల్లా ఒక్కో రేకూ తీయించింది ఆమే.

మధ్యాహ్నం మొగుడు ఫోన్ చేశాడు. "కిటికీలు మూసేశా, పాప పడుకుంది. లైటు వేసేవాళ్లు లేరుగా, హాయిగా పడుకుంది."

ఆ దెప్పిపొడుపు పాతదే. పిల్ల నిద్రపోయిందో లేదో చూద్దామని వెళ్లి, లైటు వేసి, లేపేసి రావడం ఆమెకు అలవాటు. ఈసారి మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి ఇంజనీరు వైపు తిరిగింది.

"థర్మామీటరు ఎక్కడుంది?"

"స్ఫటికం కింద, రాగి దిమ్మెలో. చల్లగానే చూపిస్తోంది మేడమ్."

"దిమ్మె చల్లగానే ఉంటుంది. కిరణం తగిలేచోట నా స్ఫటికం వేడెక్కిపోతోంది, ఇంకేం వరుస నిలుస్తుంది? రేకులు మళ్లీ పెట్టండి. అన్నీ."

పెద్దసారు కళ్లజోడు తీశాడు. "ఇంత వెలుగులో కనబడనిది మసకలో కనబడుతుందా అమ్మా?"

"కనబడుతుంది సార్."

భయం వేసింది, అది నిజం. అనుమానం మాత్రం వేయలేదు.

రేకులు పడ్డాయి. తెర మీద కాసేపు గీతలు పిచ్చిగా ఆడాయి. తర్వాత, లేవాల్సిన చోటే, చిన్న శిఖరం లేచింది. పెద్దసారు రేకులు తీయించాడు, శిఖరం పడిపోయింది. పెట్టించాడు, లేచింది. ఆయన కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

ఆమె బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏడుస్తున్నావా?" అన్నాడు మొగుడు కంగారుగా.

"అవును. ఇవాళ లైటు తగ్గించి చూశాను, కనబడింది. పాపను లేపు, దానికి నేనే చెప్పాలి."