తువ్వాలలో కట్టేసిన చెయ్యి

కాదు కాదు, తన్నడం కాదు, తాకించడం! మొన్న సరిగ్గా ఆ మాట దగ్గరే కదా మీరంతా పకపకా నవ్వి కథ చెడగొట్టారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలు తాకిస్తే పట్టేసిన నడుము వదులుతుందని మన సీమలో నమ్మకం. పత్తికొండకు దగ్గరి ఆ పల్లెలో అట్లా పుట్టింది మద్దమ్మ ఒక్కతే. నలభై ఏళ్లుగా ఆదివారం వస్తే చాలు, ఎవరో ఒకరు నడుము పట్టుకుని మూలుగుతూ వచ్చి ఆమె గడప ముందు బోర్లా పడుకుంటారు. మద్దమ్మ ఎడమ మడమ మూడుసార్లు తాకిస్తుంది.

"లెయ్. వంక దాకా నడుసుకుంటా పోయి రా. ఇంటికి పోయి పండుకున్నావంటే పట్టు మళ్లా వస్తాది, నన్ను అడగద్దు" అంటుంది.

తమలపాకు కూడా పుచ్చుకోదు. మిగతా ఆరు రోజులూ ఆమె పత్తికొండ టమోటా మార్కెట్లో ఉంటుంది. దేవేంద్రప్ప మండీలో కాయలు ఏరడం, నిండిన బాక్సులు ఎత్తడం ఆమె పని. ఇరవై ఏళ్ల పని.

అలాంటి మనిషికి శివరాత్రి దాటాక కుడి భుజం పట్టింది. బాక్సు ఎత్తబోతే లోపల ఎవరో కత్తి తిప్పినట్టయింది.

"నా కాలు ఊరందరికీ అందుతాది గానీ, నా భుజానికి అందదు గదా!" అని ఆమే నవ్వింది. ఆ నవ్వు రెండు రోజులే. మూడో రోజు వీధి చివర సూదులు వేసే ఆయన దగ్గరికి పోయింది. ఆయన ఒక సూది పొడిచి, "చెయ్యి కదిలించినావంటే నరం తెగుతాది. కట్టుకోని గమ్మునుండు" అన్నాడు.

గమ్మున ఉంది పాపం. మొగుడు గిడ్డయ్య తువ్వాలుతో చేతిని రొమ్ముకు కట్టేసుకుని రెండున్నర నెలలు ఉంది. నొప్పి తగ్గింది. నొప్పితో పాటు చెయ్యి కూడా పోయింది. తువ్వాలు విప్పి చూసుకుంటే చెయ్యి రొమ్ము దాటి పైకి రాదు. వీపు వెనక్కి పోదు. రవిక తొడుక్కోవాలన్నా, కొప్పు ముడుచుకోవాలన్నా కోడలు నాగలత రావాలి. కోడలు మంచిదే. అయినా కోడలి చేతికి తల అప్పగించి కూర్చోవడం మద్దమ్మకు సూది పొడిచినదాని కన్నా ఎక్కువ నొప్పి.

కర్నూలు తీసుకుపోతే అక్కడి ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి ఒక్క ఊపిరిలో "ఆపరేషన్" అన్నాడు. ఇంకో దారి ఉందేమోనని చెప్పడానికి ఆయనకు రెండో ఊపిరి రాలేదు! మద్దమ్మ భయపడి తిరిగొచ్చి మళ్లీ తువ్వాలు కట్టుకుంది.

అంతలో దేవేంద్రప్ప ఎదురుపడ్డాడు.

"మద్దమ్మా, దసరాకు కాయ దిగుతాది. అప్పటికి చెయ్యి లేస్తే రా. లేదంటే నీ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటా. ఏమీ అనుకోవద్దు."

"ఇరవై ఏండ్లు ఎత్తినా గదప్పా!"

"ఎత్తినావు. ల్యాదన్నానా? కాయ ఆగుతాదా, నువ్వే చెప్పు."

కాయ ఆగదు. అది మద్దమ్మకూ తెలుసు. చేతిలో ఉన్నది నాలుగు నెలలు.

ఉండండి, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఒక మంగళవారం పొద్దున్నే తలకు శాలువా కప్పుకుని ఒకాయన వచ్చి గడప ముందు బోర్లా పడ్డాడు. చూస్తే చర్చిలో పెద్ద, జ్ఞానరాజు.

"ఎవురికీ చెప్పద్దు మద్దమ్మా. పాస్టరయ్యకు తెలిసిందంటే ఆదివారం వాక్యమంతా నామీదే."

"అందుకేనా ఆదివారం ఇడిసిపెట్టి మంగళారం వచ్చినావు?" అంటూ ఆమె కాలు ఎత్తిందో లేదో, వీధిలో స్కూటీ ఆగింది. జ్ఞానరాజు కూతురు ప్రేమజ్యోతి దిగింది.

"నాయనా! లెయ్ పైకి! ఫిజియోథెరపీ సదివిన కూతురు ఇంట్లోనే ఉంటే, నువ్వు ఈడికొచ్చి పండుకుంటావా?"

"కోప్పడద్దు పాపా. నీ కాడికొస్తే కసరత్తు చెయ్యమంటావు. ఈడయితే పండుకుంటే సాలు."

మద్దమ్మకు రోషం వచ్చింది. "ఏం పాపా, నా కాలికి నలభై ఏండ్ల పేరుండాది. నీ సదువుకు ఎన్నేండ్లు?"

ప్రేమజ్యోతి జవాబు చెప్పబోయి ఆగిపోయింది. ఆమె కళ్లు తువ్వాలు మీద పడ్డాయి.

"ఈ చెయ్యి ఎవురు కట్టమనిరి పెద్దమ్మా?"

"సూదులాయన. కదిలిస్తే నరం తెగుతాదంట."

"ఎన్ని దినాలాయ?"

"మూడు నెలలు దాటింది."

"కాలు తాకించినాక ఊరోళ్లకు ఏం చెప్తావు నువ్వు?"

"వంక దాకా నడువు, పండుకోవద్దు అంటా."

"ఆ నడకే పెద్దమ్మా నీ మందు! పట్టిన నడుము పండుకుంటే బిగుస్తాది, మెల్లగా కదిలితే వదులుతాది. ఊరందరినీ నడవమని చెప్పి, నీ చేతిని మాత్రం దొంగను కట్టేసినట్టు కట్టేసుకుంటివా?"

మద్దమ్మ ఎడమచేత్తో తువ్వాలు ముడి తడుముకుంది. నలభై ఏళ్లుగా ఆమె నోట్లోనే ఉన్న మందు!

ప్రేమజ్యోతి విప్పి చెప్పింది. భుజం కీలు చుట్టూ సంచి లాంటి పొర ఉంటుంది. కదలక అది బిగుసుకుపోయింది. ఓపికగా సాగదీస్తే చాలామందికి కత్తి అవసరం రాదు. "సలుపు వస్తాది, భయపడద్దు. మంటబెట్టే నొప్పి వచ్చిందంటే ఆపు. నరమేమీ తెగదు."

మరి ఈ ముక్క ఆ సూదులాయన చెప్పలేదేం? పెద్ద డాక్టరు చెప్పలేదేం? చెప్పాల్సిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టారో చూస్తే మీకే ఒళ్లు మండుతుంది. ఆ పక్క ఊరి సర్కారు ఆసుపత్రిలో ప్రేమజ్యోతికి ఉద్యోగం ఉంది, గది ఉంది, తలుపు మీద బోర్డు ఉంది. తలుపుకు తాళం కూడా ఉంది! లోపల సెలైన్ పెట్టెలు, విరిగిన మంచాలు. పద్నాలుగు నెలలుగా ఆ పిల్ల చేత కిటికీ దగ్గర ఓపీ చీటీలు రాయిస్తున్నారు. "చేతులు ఊపేదానికి గది ఏమిటికి?" అన్నారట. చేతులు ఊపడమేనట!

చీటీలు అయిపోయాక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో మద్దమ్మ వైద్యం మొదలైంది. ప్రేమజ్యోతి దూలానికి బావి గిలక కట్టి, తాడు రెండు కొసలూ రెండు చేతులకిచ్చింది. మంచి చెయ్యి కిందికి లాగితే పట్టిన చెయ్యి పైకి లేస్తుంది. ఇంటి దగ్గర ముందుకు వంగి, నీళ్ల చెంబు పట్టుకుని చేతిని ఊయలలా ఊపాలి. వేళ్లతో గోడ ఎక్కాలి, అందినంత మేర సుద్దముక్కతో గీత గీయాలి.

"అత్తా, బల్లి మాదిరి గోడెక్కుతాండావే!" అని నాగలత కడుపు పట్టుకుని నవ్వింది.

"నవ్వు, నవ్వు. మిద్దె ఎక్కినాక సూద్దువు."

ఒక వారం సలుపుకు తట్టుకోలేక మళ్లీ తువ్వాలు వెతుక్కుంది. నాగలత దాన్ని అప్పటికే చింపి మసిగుడ్డ చేసేసింది. అదీ మంచిదే అయింది! గోడ మీది గీత రొమ్ము దాటింది, గడ్డం దాటింది, వినాయక చవితికి చెవి దాకా వచ్చింది. దసరాకు వారం ముందు నాగలత ఎప్పటిలా దువ్వెన పట్టుకుని వెనక కూర్చుంది.

"ఇట్లియ్యి" అంది మద్దమ్మ.

కొప్పు కాస్త పక్కకు ఒరిగింది. అయినా తన చేత్తో తానే ముడిచింది. నాగలత ఆ పూట నవ్వలేదు, ముక్కు తుడుచుకుంది.

దసరాకు మద్దమ్మ మండీలో ఇంకో మనిషితో కలిసి బాక్సు ఎత్తింది.

"ఎవురి కాలు తాకించుకున్నావే?" అన్నాడు దేవేంద్రప్ప.

"నేను చెప్పే మాట నేనే ఇన్నానప్పా, అంతే."

కథ అక్కడ ఆగితే బాగుండేది. మండీలో చూస్తే నడుముకు బెల్టు బిగించినవాళ్లు, మోకాలికి గుడ్డ చుట్టినవాళ్లు, మోచేయి కట్టుకున్నవాళ్లు ఏడుగురు తేలారు. అందరినీ వెంటబెట్టుకుని వరండాకు పోయింది. ఆసుపత్రి పెద్ద బయటికొచ్చి విసుక్కున్నాడు.

"వరండాలో గుంపు చేరితే ఎట్ల? రేపట్నుంచి ఈడ ఇవన్నీ వద్దు."

"గది తెరువు సారూ. లోపలికి పోతాము."

"సెలైన్ పెట్టెలు యాడ పెట్టాల?"

"వాటికి కీళ్లు లేవు గదా సారూ, యాడ పెట్టినా పట్టెయ్యవు. మావి పట్టేస్తాండాయి!"

అర్జీ ఇస్తే చూస్తామన్నాడు. మద్దమ్మ కుడిచేత్తో, నాగలత నేర్పిన అక్షరాలతో తన పేరు తానే రాసింది. అది ఇచ్చి నెలన్నర. గిలక పీకేశారు. తాళం అట్లాగే ఉంది. మద్దమ్మ గీత చెవికి రెండు వేళ్లు పైన నిలిచిపోయింది. మిగతా ఏడుగురి గోడల మీద ఒక్క గీతా పడలేదు.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. పొద్దున మొదటి బస్సుకు ఎనిమిది మందీ పోతున్నారు. ఎనిమిది మంది చాలరు. భుజం పట్టినవాళ్లూ, నడుము పట్టినవాళ్లూ, మోకాళ్లు పట్టినవాళ్లూ, మీరంతా ఇళ్లల్లో పడుకోకండి. లేవండి. నడుచుకుంటూ బస్టాండుకు రండి.