చేతిలోది కింద పెట్టి

గోపయ్యది నల్లగొండ పక్క పల్లె. పొలం గట్టు తగాదాలో పార ఎత్తి తమ్ముణ్ణి కొట్టాడు. తమ్ముడు మళ్లీ లేవలేదు. యావజ్జీవం పడింది. జైల్లోనే వడ్రంగం నేర్చుకున్నాడు, సత్ప్రవర్తన కింద ముందుగా బయటికొచ్చాడు. మళ్లీ ఏ కేసైనా పడితే లోపలికే పోవాలన్నది షరతు. ఇప్పుడు భార్య కిష్టమ్మతో అల్మాస్‌గూడలో కిరాయి గదిలో ఉంటూ, ఎల్‌బీనగర్‌లో రామమోహనరావు తలుపుల కార్ఖానాలో పనిచేస్తున్నాడు.

గోపయ్యకు పోలీసుల కంటే తన చేతులంటేనే ఎక్కువ భయం.

ఆ చేతులకు జైల్లో బిందుమాధవి ఒక అలవాటు చేసింది. ఆమె మానసిక నిపుణురాలు. నీతి చెబితే మనిషి మారడు, మంచి పని చేసిన వెంటనే ఏదైనా దక్కితే ఆ పనే అలవాటవుతుందన్నది ఆమె చదువు. కోపం వస్తే మాట్లాడొద్దు. చేతిలోది కింద పెట్టి నీళ్ల ట్యాంకు దాకా నడిచిపో. అలా చేసినవాడికి మార్కులు. మార్కులు కూడితే ఇంటికి అదనంగా ఒక ఫోన్. గోపయ్య కిష్టమ్మ గొంతు కోసం నేర్చుకున్నాడు. కొన్నేళ్లకు ఆలోచనతో పని లేకుండా కాళ్లే నడిచేవి. పద్ధతి బాగుందని మిగతా జైళ్లలోనూ పెట్టారు.

ఆ మధ్యాహ్నం గోపయ్య, తోటి పనివాడు సాయినాథ్ చెరో కొస పట్టుకుని టేకు తలుపును ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. అంచు గోడకు గీసుకుంది.

"మనిషి ప్రాణమే లెక్కలేదు, నీకు తలుపొక లెక్కా?" అన్నాడు రామమోహనరావు.

గోపయ్య చేతిలోది కింద పెట్టాడు. నడిచాడు. వెనక ఏదో పడిన చప్పుడు, ఒక కేక. కాళ్లు ఆగలేదు.

చైతన్యపురి వచ్చాక ఊపిరి కుదుటపడింది. అప్పుడు వినపడింది ఆ కేక, సాయినాథ్ గొంతుతో. తను కింద పెట్టింది తలుపులో సగమే.

మెట్రో పిల్లరుకు ఒరిగాడు. హంతకుడు ఇంకొకణ్ణి పడేసి పారిపోయాడంటారు. ఇంకేం అనుకుంటారు? ప్రతి హారన్‌కీ ఉలిక్కిపడుతూ ఫోన్ తీశాడు.

"మేడం, గోపయ్యను. కోపమొచ్చింది. మీరు చెప్పినట్టే చేసిన. మనిషి మీద తలుపు పడ్డది."

"అతనికెలా ఉంది?" అంది బిందుమాధవి.

"తెల్వదు. ఒచ్చేసిన."

"ట్యాంకు దాకా వెళ్లాక అక్కడ ఏం చేసేవారు?"

"బారక్‌కు పోయేటోళ్లం. ఇంకెటు పోతం మేడం, చుట్టూ గోడాయె."

"తిరిగి రావడం నేను నేర్పనే లేదు," అంది బిందుమాధవి. "ఆ పని గోడే చేసేది. వెళ్లండి గోపయ్యా. నేనూ వస్తున్నాను, చేరేసరికి సాయంత్రమవుతుంది."

"మళ్ల లోపలేస్తరా?"

"తెలీదు."

వచ్చిన దారే, కానీ ఇప్పుడు ప్రతి అడుగూ తను వేయాల్సి వచ్చింది. కార్ఖానాలో సాయినాథ్ చెక్కల మీద కూర్చున్నాడు, పాదానికి నెత్తురంటిన గుడ్డ. గోపయ్యను చూడగానే రామమోహనరావు రంపం మిషను వెనక్కి జరిగాడు.

"అక్కడే ఆగు. స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నా."

"జర ఆగుండ్రి సారూ," అన్నాడు సాయినాథ్. "ఏందన్నా, పోతే పోయినవ్. చెప్పి పోవద్దా? వేలు చితికింది."

"కోపమొచ్చింది తమ్మీ. నిన్ను చూడలే."

తమ్మీ అన్న మాట తన నోటే విని గోపయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"పాత బుద్ధి ఎక్కడికి పోతుందిలే," అన్నాడు రామమోహనరావు.

మళ్లీ కోపం. కాళ్లు కదిలాయి. గోపయ్య వాటిని ఆపలేకపోయాడు. నోరు మాత్రం తెరిచాడు.

"సారూ, గా గేటు కాడ జరసేపు నిలబడత. మళ్ల ఒస్త."

రామమోహనరావు వేలు ఫోన్ మీద ఆగింది.

గోపయ్య గేటు దగ్గర వాళ్లకు కనపడేలా నిలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక లోపలికి వచ్చాడు. రామమోహనరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, చూపు మాత్రం తిప్పుకోలేదు.

"పట్టుకో అన్నా, దవాఖానకు పోదాం," అని సాయినాథ్ చేయి చాచాడు.

గోపయ్య పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోవాలంటే భయం. వదలాలన్నా భయమే.