రామక్క నేర్పిన వాలుగ వేట

వరద తీశాక గోదావరిలో వాలుగ చేపలు ఎక్కడ చేరతాయో పర్ణశాల పక్క గూడెంలో రామక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె సీసపు గుండున్న గాలానికి రబ్బరు చేపను గుచ్చి మడుగులోకి వదులుతుంది. గుండు అడుగును తాకగానే దారం సడలుతుంది. అప్పుడు జానెడు లేపి మళ్లీ పడనిస్తుంది. అలా పడేటప్పుడే వాలుగ అందుకుంటుంది.

పాల్వంచలో ఉద్యోగం చేసే రమణకు మూడేళ్లుగా ఈ పని నేర్పిందామే. దారం మీద అతని వేలు పెట్టించి మరీ నేర్పింది. "అక్కా, నువ్వే నా గురువు" అనేవాడు.

ఈ ఆదివారం అతను నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని ఆ మడుగు దగ్గరికే వచ్చాడు. రామక్క అప్పటికే అక్కడుంది.

"లేపుడు కాదు, పడనిచ్చుడే అసలు పని" అని రమణ వాళ్లకు చెబుతున్నాడు. అవి ఆమె మాటలే.

"నీకెవరు నేర్పిండ్రన్నా?" అని ఒకతను అడిగాడు.

"ఎవరు నేర్పుతరు? ఫోన్‌ల చూసి నేనే నేర్చుకున్న."

"మరి గామె ఎవరు?"

రమణ ఆమె వైపు చూడలేదు. "గూడెపామె. చేపలు కోసిస్తది."

వెంటనే ఒకడు పట్టిన వాలుగను ఆమె ముందు పడేశాడు. "జల్దీ కోయమ్మా."

"పట్టుడు ఫోన్‌లనే నేర్చిండు గద బిడ్డా, కోసుడు గూడ అండ్లనే చూసుకోండ్రి" అంది రామక్క.

అందరూ పకపకా నవ్వారు. రమణ కూడా నవ్వాడు.

నీళ్లు ఇంకో మూర తగ్గితే వాలుగలు ఈ మడుగు విడిచి కింది బండల సందుల్లోకి పోతాయి. ఆ సంగతి రమణకు చెప్పాలనే ఆమె పొద్దుటి నుంచి ఎదురుచూసింది. ఇప్పుడు దారం చుట్టుకుని, ఏమీ చెప్పకుండా ఒడ్డెక్కింది.