మసిగోడ ప్రదర్శన

మా వీధి జగన్నాథ్ కొడుకు అభిషేక్ ఏం పని చేస్తాడో చెప్పడానికి హోసూరులో నాకంటే తగినవాడు లేడు. ఆ పని వల్ల నా మధ్యాహ్నం భోజనం పోయింది.

జగన్నాథ్‌కు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. కొడుకు చదువు ముగించుకుని వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడని ఆశపడ్డాడు. అభిషేక్ బెంగళూరులో చదివి, గడ్డం పెంచి, క్యురేటరై తిరిగొచ్చాడు. అంటే ఇతరులు చేసిన బొమ్మల్నీ, బొమ్మలని ఒప్పుకోవడానికి మనసు రాని వస్తువుల్నీ ఒకచోట పేర్చి, పక్కన అర్థంకాని నాలుగు వాక్యాలు అంటించి, జనాన్ని పిలిచేవాడన్నమాట. అందుకు బెంగళూరులో చల్లటి హాళ్ళు కావలసినన్ని ఉన్నాయి. మనవాడికి అవి పనికిరావు. మూతబడ్డదో, పాడుబడ్డదో, వానకు కారేదో కావాలి. దాన్ని కొన్నాళ్ళు వాడుకుని దులిపేసుకుని పోవాలి. అదే ఆ విద్యలో గొప్పతనమట.

మొదటి ప్రదర్శన బేరిగైలో, గులాబీలు పీకేసిన పాలీహౌస్‌లో పెట్టాడు. నిండు ఎండాకాలంలో, ప్లాస్టిక్ కప్పు కింద, మైనపు బొమ్మలు. భోజనాల వేళకు బొమ్మలన్నీ తాగినవాళ్ళలా ఒకరి భుజాల మీద ఒకరు వాలిపోయాయి. అడిగితే, కరగడం కూడా కళలో భాగమే అన్నాడు. తరువాత రాయకోటలో మూతబడిన సినిమా హాలు పట్టాడు. ఎగ్జిబిషన్ అనగానే ఊళ్ళోవాళ్ళు పిల్లాజెల్లతో వచ్చి రంగులరాట్నం కోసం, బజ్జీల అంగడి కోసం హాలు చుట్టూ తిరిగారు. లోపల చీకట్లో వేలాడుతున్న సిమెంటు సంచులు కనబడ్డాయి. ఒక ముసలావిడ పాపం జాలిపడి, "ఇంకా సర్దుకోలేదు మాదిరుండాది. రేపు వస్తాములే అప్పా" అని మనవణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది.

నేను ఈ కథలోకి ఎలా వచ్చానంటే, బడిలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. గోడలకంటించే ఇంగ్లీషు వాక్యాలను తెలుగు చేయమని నాకిచ్చేవాడు. తన లేమిని తానే జ్ఞాపకం చేసుకుంటున్న స్థలమేదో ఉందని ఒకసారి రాశాడు. రెండు పూటలు తల గోక్కుని, "ఈ గోడ పాతది" అని రాసిచ్చాను. మొహం మాడ్చుకున్నాడు కానీ అంటించాడు. అక్కడ జనానికి అర్థమైంది అదొక్కటే.

ఇక అంగాళమ్మ సంగతి. జవళగిరి నుంచి కట్టడం పనికి హోసూరు వచ్చి, మొగుడు పోయాక, జగన్నాథ్ అంగడి వెనక రేకుల గదిలో పొయ్యి పెట్టుకుంది. రాగి ముద్ద, ఉలవచారు. వేరే ఏమీ ఉండదు, వేరే ఏమీ అక్కర్లేదు. మూటలు మోసేవాళ్ళు, షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ కుర్రాళ్ళు, భార్య పోయిన తరువాత నేను, అందరం అక్కడే కింద కూర్చుని తినేవాళ్ళం. కట్టెల పొయ్యి వెనక గోడ ఏళ్ళ తరబడి మసిబట్టి, నూనె తేలి, నల్లగా మెరిసేది. తినేవాళ్ళం ఎవరమూ ఆ గోడను చూసిన పాపాన పోలేదు.

బెంగళూరు నుంచి శోభన అనే కళాకారిణిని అభిషేక్ ఒకరోజు అక్కడికి తీసుకొచ్చాడు. ఆమె తిన్నగా వెళ్ళి ఆ గోడకు చెయ్యానించి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పొగ వల్లనేమో అనుకున్నాను. కాదట. ఒక స్త్రీ జీవితమంతా ఆ గోడ మీద ఉందట. గోడకు దీపాలు పెట్టి, ముందు తాడు కట్టి, పేరు పెట్టి చూపిస్తే దేశం మొత్తం నోరెళ్ళబెడుతుందట. ఆ జీవితం తాలూకు మనిషి పక్కనే నిలబడి ముద్ద కెలుకుతోంది. తింటావా అని శోభనను అడిగింది. ఆవిడ గోడ వైపు నుంచి తల తిప్పలేదు.

ఆషాఢంలో పదిరోజులు పొయ్యి మూసి, గది ఖాళీ చేసి ఇమ్మని అభిషేక్ అడిగాడు.

"పది దినాలు మూస్తే నా ఆళ్ళు వేరే తావు చూసుకుంటారు గదప్పా" అంది అంగాళమ్మ.

"పదే దినాలు అంగాళమ్మా. పదకొండో దినం నీ తావు నీకే. మా నాయన కూడా చెప్తాడు, అడుగు."

జగన్నాథ్ అంగట్లోంచే చెయ్యెత్తి, "నా మాటమ్మా" అన్నాడు. ఆమె చేతిలో ఉన్నది ఆ మాట ఒక్కటే. గిన్నెలన్నీ కడిగి మూలకు బోర్లించి, తాళంచెవి ఇచ్చేసింది. ఆ గది పోతే ఆమెకు హోసూరులో నిలబడడానికి వేరే చోటు లేదని నాకు తెలుసు, జగన్నాథ్‌కూ తెలుసు.

ప్రారంభం రోజు పొద్దున అభిషేక్ తలుపు తీసి, తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు. వెనకనున్న శోభన గుమ్మంలోనే కూలబడింది. గోడ పాలనురుగులా తెల్లగా ఉంది. రెండు పూతల సున్నం, అందులో కొంచెం నీలిమందు. అడుగున ఎర్రమట్టి పట్టీ, పొయ్యి చుట్టూ ముగ్గు, గుమ్మానికి మామిడాకులు. అంగాళమ్మ పెట్టెలోని మంచి చీర కట్టుకుని, చేతుల మీది సున్నం గోక్కుంటూ ఒక పక్కన నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇదేం చేసినావమ్మా" అన్నాడు అభిషేక్.

"పెద్దోళ్ళు వస్తారని చెప్పినావు గదప్పా. వచ్చినోళ్ళకి మసిగోడ చూపిస్తే నీకు గాని మీ నాయనకు గాని మర్యాదా? దొడ్డి తలుపు తీసుకుని వచ్చి నేనే పూసేసినాను."

ఇంటికి నలుగురు వస్తున్నారంటే సున్నం కొట్టుకోవడం మా వైపు పుట్టినబిడ్డకు కూడా తెలుసు. గోడ మసిగానే ఉండాలని ఆమెకు ముందే చెప్పాలని క్యురేటరుకు తట్టలేదు. నాకు నవ్వాగలేదు. చాలా రోజులకు కడుపారా నవ్వాను.

అయితే అభిషేక్‌ను నేను తక్కువ అంచనా వేశాను. వీధి చివర కార్లు ఆగేసరికి మొహం తుడుచుకున్నాడు. వచ్చినవాళ్ళను ఆ తెల్లగోడ ముందు నిలబెట్టి, శ్రమను శ్రమజీవి చేతే చెరిపించే సమాజం మీద ఇది శోభన చేసిన వ్యాఖ్య అని, కన్ను ఆర్పకుండా చెప్పాడు. వాళ్ళు గడ్డాలు నిమురుకున్నారు. ఒకాయన సున్నాన్ని వేలితో గీకి, వాసన చూసి, అద్భుతమన్నాడు. శోభన కూడా లేచి, అది తన ఊహేనని మెల్లగా నమ్మడం మొదలుపెట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అభిషేక్ హుకుం ప్రకారం మరునాటి నుంచి అంగాళమ్మ పొద్దున పచ్చికట్టెలు రాజేసి గోడకు పొగబట్టించాలి, సాయంత్రం అందరి ముందూ సున్నం కొట్టాలి. పొయ్యి మీద ఖాళీ కుండ ఉండాలి. వంట ఉండకూడదు, వంట ఉంటే అర్థం మారిపోతుందట.

"ఒట్టికుండ పొయ్యిమీద పెట్టేది మంచిది కాదు అయ్యవారూ" అని నా దగ్గర గొణిగింది. "ఏం చేసేది. ఈ పది దినాలు ఆళ్ళు చెప్పినట్టు ఆడితే తావు ఇచ్చేస్తారు."

ఒక మధ్యాహ్నం మూటలు మోసే సెల్వం పొగ చూసి, హోటలు తెరిచారనుకుని లోపలికొచ్చాడు. తాడు ఎత్తి, దాని కింద దూరి, అలవాటైన చోట కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చుట్టూ ఫోన్లు లేచాయి.

"అంగాళమ్మా, రెండు ముద్దలు" అన్నాడు.

అభిషేక్ వంగి, "ఈడ తినేది లేదన్నా. ఇది ఆర్ట్" అన్నాడు.

సెల్వం పొయ్యిని చూశాడు, కుండను చూశాడు. "పొయ్యి మండతా ఉండాది, కుండ ఉండాది, ఆమె ఉండాది. ముద్ద మాత్రం ల్యాదంటే ఎట్లప్పా?"

అంగాళమ్మకు అంతకుమించి ఓర్చుకోవడం చేతకాలేదు. చెంబుతో కుండలో నీళ్ళు పోసింది. మూలనున్న డబ్బా లాగి పిండి వేసి, తెడ్డు అందుకుంది. ఉలవచారు లేదు కాబట్టి ఉప్పు, పచ్చిమిరప, ఎర్రగడ్డ నూరి పెట్టింది. సెల్వం తిన్నాడు, నేను తిన్నాను, తాడు అవతలివాళ్ళు కూడా ఒక్కొక్కరే దూరి వచ్చి కూర్చుని వేళ్ళు నాకుతూ తిన్నారు. అన్నాళ్ళ ప్రదర్శనలో మనుషులు మనుషుల్లా కనబడిన గంట అదొక్కటే. ఆ గంటను అంగడి గుమ్మంలో నిలబడి జగన్నాథ్ కూడా చూశాడు. సున్నం కొట్టిన గది, బెంగళూరు కార్లు, ముద్ద తిని లొట్టలేసే పెద్దమనుషులు. వ్యాపారి కళ్ళు ఏం చూడాలో అది చూశాయి.

ప్రదర్శన ముగిసింది. గది తెరవలేదు. సామాను ఇంకా సర్దాలి అన్నాడు జగన్నాథ్. తరువాత, కొడుకును అడగమన్నాడు. కొడుకేమో నాయనను అడగమన్నాడు. బెంగళూరు కాఫీ హోటలువాళ్ళు వచ్చి గది కొలుచుకుని పోయారు. సెల్వం వాళ్ళు బస్టాండు పక్క వేరే చోటు చూసుకున్నారు, కడుపు ఎన్నాళ్ళు ఆగుతుంది. అంగాళమ్మ కళ్యాణమంటపాల్లో అంట్లు తోముతూ, రోజు మార్చి రోజు వచ్చి తాళాన్ని చూసి పోయేది. నేను జగన్నాథ్‌ను నిలదీస్తే, "అయ్యవారూ, మీకెందుకు ఈ తలనొప్పి" అని టీ తెప్పించాడు. ఆ టీ తాగకుండా లేచి వచ్చాను. ఇచ్చిన మాటను అంత మర్యాదగా మింగేసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కార్తీకంలో అభిషేక్ కృష్ణగిరి చేరాడు. సీజను అయిపోయి ఖాళీగా పడున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దొరికింది. మసిగోడకు మంచి పేరొచ్చింది కాబట్టి ఈసారి వేదిక, మైకు, కుర్చీలు కూడా ఉన్నాయి. అంగాళమ్మ, నేను బస్సెక్కి వెళ్ళాం. నలుగురిలో అడిగితే కాదనలేడని ఆమె నమ్మకం. నాకూ అలాగే అనిపించింది.

నగరంలోని స్థలాలను మళ్ళీ మనుషుల చేతుల్లో పెట్టడం గురించి అభిషేక్ మాట్లాడుతున్నాడు. మధ్యలో అంగాళమ్మ లేచింది.

"అప్పా అభిషేకూ, పది దినాలంటివి. నా తావు ఎప్పుడిస్తావు?"

అభిషేక్ మొహం పాలిపోయింది. ముందు వరసలో శోభన చప్పట్లు మొదలుపెట్టింది. మసిగోడ అంగాళమ్మ అని ఒకరికొకరు చెప్పుకుని అందరూ అందుకున్నారు. ఫోన్లు ఆమె వైపు తిరిగాయి. అభిషేక్ మొహంలోకి రంగు తిరిగొచ్చింది. వేదిక మీది నుంచి ఆమెకు వంగి దండం పెట్టాడు.

ఆమె చప్పట్లు ఆగేదాకా ఓపికగా నిలబడింది. భాష రానివాళ్ళకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి మళ్ళీ అదే అడిగింది. ఈసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను ఆమె పక్కన నిలబడి, "అయ్యా, ఆమె నిజంగానే అడుగుతోంది. ఆ గది ఆమె బతుకు" అని అరిచాను.

నాకూ కొట్టారు.