సామాన్ల దగ్గర

కిందటి జూన్‌లో మా సెక్షన్ వాళ్ళమంతా కలిసి హిమాలయాలకు వెళ్ళాం. కారు దారి ఆగిపోయే చోట, ఒక టీ కొట్టు ముందు, మా సెక్షన్ ఆఫీసర్ నా వైపు తిరిగాడు. "ఆంటీ, మీరు సామాన్ల దగ్గర కూర్చోండి. మీరొస్తే అందరికీ లేటవుతుంది. ఠీక్ హై?" అన్నాడు. మాదీ ఆయనదీ ఒకే జిల్లా. నాకంటే తొమ్మిదేళ్ళు మాత్రమే చిన్న. ఢిల్లీ ఆఫీసులో మేడమ్ అనే మనిషి, కొండ కనబడగానే ఆంటీ అన్నాడు. పదకొండు బ్యాగుల మధ్య, చెక్క బల్ల మీద, ఐదు గంటలు కూర్చున్నాను. పైన శిఖరం మీద వాళ్ళు దిగిన ఫోటో ఇప్పటికీ మా సెక్షన్ గోడకుంది. సరిగ్గా నా సీటుకు ఎదురుగా.

ఆ ఐదు గంటల్లో నాకు దక్కినవి టీ కొట్టాయన మాటలు, ఆయన ఫోన్ నంబరు. జూన్‌లో ఎందుకొచ్చారు దీదీ అన్నాడాయన. బడి సెలవుల్లో ఇక్కడ కాలు పెట్టే సందుండదట. ఏప్రిల్ మొదట్లో వస్తే దారంతా ఎర్రటి బురాంశ్ పూలేనట, మనుషులే కనబడరట. పైన మాత్రం ఇంకా మంచుంటుంది, తెల్లవారే బయలుదేరాలి అన్నాడు.

జనవరి నుంచీ నాకు ఏప్రిల్‌లో ఆ కొండెక్కాలన్నదే ధ్యాస. ఆరింటికి నడక మొదలుపెట్టాలి, ఎండెక్కితే మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది. ఎక్కడున్నా సరే, పన్నెండింటికి వెనక్కి తిరగాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేదాన్ని. ఢిల్లీలోనే బేర్ సరాయ్‌లో గది తీసుకుని పరీక్షలకు చదువుకుంటున్న మా అమ్మాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తనూ వస్తానంది.

మయూర్ విహార్ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఎక్కడం మానేశాను. వీపున బ్యాగులో ఐదు కిలోల బియ్యం పెట్టుకుని మెట్లెక్కేదాన్ని. దీదీ, ఎస్కలేటర్ చల్ రహా హై అని ఒకరోజు గార్డు గుర్తుచేశాడు. చల్‌నే దో, నడవనీ అన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ టీ కొట్టాయనకు ఫోన్ చేసి మంచు ఎంతుందని అడిగేదాన్ని. నిన్నే కదా అడిగారు, ఒక్కరోజులో కరగడానికి అదేమైనా ఐస్‌క్రీమా అని నవ్వేవాడు.

ఇక మిగిలింది అనుమతి. మా ఉద్యోగాల్లో శని ఆదివారాలైనా సరే, ఊరు దాటాలంటే పై అధికారి సంతకం కావాలి. దాన్ని స్టేషన్ లీవ్ అంటారు. మార్చి రెండో వారంలోనే దరఖాస్తు ఇచ్చాను. ఆర్థిక సంవత్సరం ముగుస్తోంది, తర్వాత చూద్దామని మా సెక్షన్ ఆఫీసర్ దాన్ని ట్రేలో పడేశాడు. మూడు వారాలు ఆ ట్రే పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా నా కాగితం మూల కనబడుతూనే ఉంది. దాని మీద పడ్డ కాగితాలు కదిలాయి, అది కదల్లేదు. చివరికి ఏప్రిల్ మొదటి గురువారం వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"అచ్ఛా, మళ్ళీ కొండకా? ఈసారైనా పైకెళ్తారా ఆంటీ?" అన్నాడు. సెక్షనంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"ముందు సంతకం పెట్టండి," అన్నాను.

ఆ సాయంత్రం ఇదంతా ఫోన్‌లో చెబితే మా అమ్మాయి హిందీలో అడిగింది. "మమ్మీ, ఆప్ పహాడ్ దేఖ్‌నే జా రహీ హో, యా ఉస్ ఫోటో సే లడ్‌నే?" కొండను చూడడానికా, ఆ ఫోటోతో పోట్లాడడానికా అని. రెండూ అన్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి మేమిద్దరం కొండ కిందికి వెళ్ళేసరికి టీ కొట్టు మూసి ఉంది. నేను కూర్చున్న బల్లను బోర్లించి గోడకు ఆనించారు. దాన్నలా చూడగానే ప్రాణం లేచొచ్చింది. దారిలో ఒక్క మనిషి లేడు. పూలు టీ కొట్టాయన చెప్పినట్టే ఉన్నాయి, కానీ నేను ఆగి చూసింది తక్కువ. గడియారమే చూశాను.

ఎనిమిదికే దారిలో మంచు మొదలైంది. మోకాలిదాకా దిగబడుతూ నడిచాం. పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా, ఫోటోలో వాళ్ళ వెనక కనబడే రాళ్ళ గుట్ట కళ్ళెదుట నిలిచింది. ఇంకో అరగంట నడక. నా లెక్కకు పది నిమిషాలు ఎక్కువ, అంతే. అప్పుడే మా అమ్మాయి ఒక బండ మీద కూలబడింది. బూట్లు పూర్తిగా తడిసిపోయాయి. నా చేతిలోంచి బ్యాగు తీసుకుని తన బ్యాగు పక్కన పెట్టుకుంది.

"ఆప్ జావో మమ్మీ. మైఁ యహీఁ బైఠ్‌తీ హూఁ, సామాన్ కే పాస్."

మీరు వెళ్ళండి, నేనిక్కడే కూర్చుంటాను, సామాన్ల దగ్గర అని. తను మామూలుగానే అంది, మనసులో ఏమీ లేదు. పదడుగులు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే, బ్యాగుల మధ్య కూర్చుని చేతులు రుద్దుకుంటోంది. ఇంకొక్క అడుగు కూడా పడలేదు. తిరిగి వచ్చేశాను. ఇంత దూరం వచ్చి ఎందుకు వదిలేశావని కిందదాకా సాధించింది.

సోమవారం ఆఫీసులో, పైదాకా వెళ్ళారా అని ఆయన అడిగాడు. లేదన్నాను. నవ్వేవాళ్ళు నవ్వారు. బడులకు సెలవులిచ్చేలోగా ఇంకా ఐదు ఆదివారాలున్నాయి, మా అమ్మాయికి మంచులో తడవని బూట్లు కొనాలి. వచ్చే శని ఆదివారాలకు స్టేషన్ లీవ్ దరఖాస్తు అక్కడికక్కడే రాశాను. ఈసారి ట్రేలో పెట్టలేదు. ఆయన చేతికిచ్చి, సంతకం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.