మెట్టెక్కి తప్పుకునే సందు

దగ్గరగా వచ్చి కూర్చోండమ్మా, చెప్తాను. తెనాలిలో మా సందు ఎంత ఇరుకంటే, ఆటో ఎదురొచ్చినా ఎవరింటి మెట్టో ఎక్కి తప్పుకుంటాం. సందు చివర అయిదంతస్తుల అపార్ట్‌మెంటు మొదలుపెట్టారు. మొన్న పొద్దున్నే ఇసుక టిప్పరు వచ్చింది. పాలు తెస్తున్న మా అత్తగారు అలవాటుగా మా మెట్టెక్కి నిలబడ్డారు.

"అత్తయ్యా, లోపలికి!" అని అరిచి, చెయ్యి పట్టి గడప లోపలికి లాగాను. అంతలోనే చక్రం ఎక్కి మెట్టు పిండయిపోయింది.

డ్రైవరు దిగి, "మెట్టేగా మామ్మగారూ, కట్టిస్తార్లెండి" అన్నాడు.

అత్తయ్య గడప లోపలినుంచే అన్నారు: "ఇది మొదటి బండేగా అబ్బాయ్! అయిదంతస్తులకూ ఇసుక రావాలి. మమ్మల్ని ఎక్కడికెక్కమంటావు?"

అతను బండెక్కి సందు చివరికి పోనిచ్చాడు.

మీ గుమ్మం ముందు మెట్టు చెక్కుచెదరకుండా ఉండాలి తల్లీ, మీ ఇల్లంతా చల్లగా ఉండాలి.